ఈ-వ్యర్థాల రీసైక్లింగ్ గుర్తు: గౌలిపుర అవసరాలు

పాడైన సెల్‌ఫోను, కాలిపోయిన చార్జరు, మూలన పడ్డ డబ్బా టీవీ, ఉబ్బిన బ్యాటరీ వంటి వాటిని మామూలు చెత్తలో కలపకుండా వేరుగా అప్పగించాలని చెప్పే బొమ్మే ఈ-వ్యర్థాల గుర్తు. ఇప్పుడు ఎక్కువ దేశాల్లో చలామణిలో ఉన్న గుర్తు ఐరోపాలో పుట్టింది. చక్రాల చెత్తడబ్బా గీసి, దాని మీద ఇంటు మార్కు కొట్టేస్తారు. భారతదేశం కూడా దాన్నే తీసుకుంది. హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్‌కు దక్షిణాన, లాల్ దర్వాజా, షాలిబండ, సుల్తాన్‌షాహీ, ఛత్రినాకల నడుమ ఉన్న గౌలిపుర వంటి చోట ఆ గుర్తు ఎంతవరకు పనికొస్తుంది, ఇంకెలాంటి గుర్తు కావాలి అన్నది ఈ వ్యాస విషయం.

గౌలిపురను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ ఒకే గల్లీలో వినిపిస్తాయి. ఏ ఒక్క లిపిలో రాసినా కొన్ని ఇళ్లకు అందదు. పైగా ఇక్కడ పాత కరెంటు సామాను చెత్తబుట్టలోకి పోవడం తక్కువ. అది తూకానికి పోతుంది. ఈ రెండు సంగతులనూ పట్టించుకుంటే గుర్తు రూపురేఖలు మొదటి గీత నుంచే మారిపోతాయి.

కొట్టేసిన చెత్తడబ్బా

ఈ బొమ్మ మొదట వచ్చింది బ్యాటరీల కోసం. సీసం, పాదరసం, కాడ్మియం ఉన్న బ్యాటరీలను వేరుగా సేకరించాలని ఐరోపా సముదాయం 1991లో ఆదేశం ఇచ్చింది. వాటి మీద వేయాల్సిన గుర్తుగా 1993లో ఈ చక్రాల డబ్బాను ఖరారు చేసింది. ఏ లోహం ఉందో తెలిసేలా దాని రసాయన సంకేతాన్ని కూడా వేయాలంది. 2003 జనవరిలో విద్యుత్, ఎలక్ట్రానిక్ వ్యర్థాల ఆదేశం వచ్చినప్పుడు అదే బొమ్మను టీవీలకు, ఫోన్లకు, ఫ్రిజ్‌లకు కూడా వర్తింపజేశారు. 2005 ఆగస్టు 13 తర్వాత అక్కడి మార్కెట్లోకి వచ్చిన పరికరాల మీద ఈ గుర్తు ఉండి తీరాలి. డబ్బా కింద కనిపించే మందపాటి నల్ల పట్టీ ఆ తేదీ తర్వాతి వస్తువని చెబుతుంది. అంటే దాన్ని వదిలించే ఖర్చు తయారీదారు నెత్తిన ఉందన్నమాట. 2012లో ఆదేశాన్ని తిరగరాశారు గానీ బొమ్మ జోలికి పోలేదు. పట్టీకి ఇంత అర్థం ఉందని చూసేవాళ్లకు తోచే దారి లేదు. అది కంపెనీలకూ అధికారులకూ మధ్య నడిచే లెక్క.

భారత ప్రభుత్వం 2011లో ఈ-వ్యర్థాల నియమాలు ప్రకటించి 2012 మే 1 నుంచి అమల్లో పెట్టింది. ఈ వస్తువులు చెత్తకుండీల్లో పడకుండా చూసేందుకు, కంటికి కనిపించేలా, చెరిగిపోకుండా ఇదే గుర్తు వేయాలని అందులో ఉంది. 2016 నియమాలు కూడా ఆ షరతును నిలబెట్టాయి. అయితే గుర్తు వస్తువు మీద గానీ, దానితో ఇచ్చే పుస్తకంలో గానీ ఉండొచ్చన్నారు. ఈ ‘గానీ’ వల్ల చాలా నష్టం జరిగింది. ఫోను ఐదేళ్లు వాడి మూలన పడేసేనాటికి ఆ పుస్తకం ఎవరింట్లోనూ ఉండదు.

వస్తువు మీద వేసినా ఏమంత మేలు జరిగిందో తెలియాలంటే ఏదైనా ఫోను చార్జరును తిరగేసి చూడాలి. నల్ల ప్లాస్టిక్ మీద బూడిద రంగు అచ్చు. చదరంలో ఇంకో చదరం, అంటే లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉందని. చిన్న ఇంటి బొమ్మ, అంటే ఆరుబయట వాడొద్దని. భారతీయ ప్రమాణాల బ్యూరో ఇచ్చిన నంబరు. వోల్టేజీ అంకెల వరసలు. వీటన్నిటి సందులో గోరంత చెత్తడబ్బా. కళ్లజోడు పెట్టుకున్నా వెలుతురు కోసం అటూ ఇటూ తిప్పితే గానీ కనిపించదు. చెమట చేతుల్లో నలిగి నలిగి రెండేళ్లకే ఆ అచ్చు సగం చెరిగిపోతుంది. చార్జరు పాడయ్యే రోజుకు, అంటే గుర్తుతో అసలు పని పడే రోజుకు, దాన్ని చదివే వీలుండదు.

గౌలిపురలో పాత సామాను దారి

ఐరోపా పట్టణంలో ఇంటి ముందు చక్రాల డబ్బా ఉంటుంది. అక్కడివాళ్లకు ఆ బొమ్మ రోజూ చూసే వస్తువు. గౌలిపుర గల్లీల్లో ఇళ్ల ముందు అలాంటి డబ్బా ఉండదు. నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ 2015లో నగరమంతా దాదాపు 22 లక్షల ఇళ్లకు తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలంది చొప్పున 44 లక్షల బుట్టలు పంచింది. చెత్త ఇంటింటా తిరిగే స్వచ్ఛ ఆటోలోకి, అక్కడి నుంచి ఇమ్లీబన్ వంటి ట్రాన్స్‌ఫర్ స్టేషన్లకు, చివరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పోతుంది. కాబట్టి ఇక్కడి మనిషికి చెత్త అనగానే బుట్ట, ఆటో గుర్తుకొస్తాయి. చక్రాలూ మూతా ఉన్న ఎత్తైన డబ్బాను గోరంత సైజులో గీస్తే అది బకెట్టో, డ్రమ్మో తేల్చుకోవడమే కష్టం.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ గుర్తు చెత్తలో వేయొద్దంటుంది. గౌలిపురలో పాత మిక్సీనో, సీలింగ్ ఫ్యానునో చెత్తలో వేసేవాళ్లు అరుదు. మిక్సీ ఆగిపోతే ముందు మోటారు వైండింగ్ దుకాణానికి పోతుంది. ఫోను ఆగిపోతే బస్తీలోని సెల్ రిపేరు కొట్టుకో, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కో పోతుంది. కంప్యూటరైతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోతుంది. ఇంక బాగుపడదని తేలాక తోపుడుబండి మీద తిరిగే పాత సామాన్లవాడికి, కబాడీకి, కిలో లెక్కన ఇచ్చేస్తారు. రికార్డు చేసిన గొంతు బండి మీద స్పీకర్లో మోగుతూ గల్లీ మలుపు తిరగ్గానే ఇళ్లలోంచి సంచులు బయటికొస్తాయి. బేరం చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. కొన్ని వస్తువులు జుమ్మెరాత్ బజార్‌లో గురువారం సంతకు చేరి మళ్లీ అమ్ముడుపోతాయి. మిగిలినవి గోదాములకు పోతాయి, అక్కడ వాటిని విప్పుతారు. ఇనుము, రాగి, అల్యూమినియం, ప్లాస్టిక్, బోర్డులు దేనికది విడిపోతుంది. బోర్డులు ఇంకా పెద్ద వ్యాపారుల చేతుల మీదుగా ఢిల్లీ సీలంపూర్, మురాదాబాద్ వంటి చోట్లకు చేరే దారి దేశమంతటా ఉన్నదే.

ఈ గొలుసు మనకు గర్వకారణమని చెప్పాలి. ఒక వస్తువు ఇంతమంది చేతుల్లో పడి, ఇన్నిసార్లు బతికి, చివరికి ఏ ముక్కకాముక్క అమ్ముడుపోవడం పర్యావరణానికి మేలు చేసే సంగతే. లోపం ఆఖరి మజిలీలో ఉంది. రాగి కోసం తీగలు కాలుస్తారు. పైన ఉన్న పీవీసీ కాలి డయాక్సిన్లు గాలిలో కలుస్తాయి. బంగారం కోసం బోర్డులను ఆమ్లంలో ముంచి మిగిలింది మోరీలో పోస్తారు. పాత టీవీ పిక్చర్ ట్యూబును రాగి చుట్ట కోసం పగలగొడతారు. ఆ ట్యూబు వెనుక గరాటు ఆకారంలో ఉన్న గాజులో ఐదో వంతుకు పైగా సీసం ఆక్సైడే. ట్యూబ్‌లైటు, సీఎఫ్ఎల్ పగిలితే పాదరసం ఆవిరి బయటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 జూన్‌లో విడుదల చేసిన నివేదిక ఇలాంటి చోట్ల పనిచేసే, వాటి పక్కన పెరిగే పిల్లల గురించే. సీసం పెద్దవాళ్ల కంటే పిల్లల మెదడును ఎక్కువగా దెబ్బతీస్తుంది.

కాబట్టి గౌలిపురకు కావాల్సిన మాట ‘చెత్తలో వేయొద్దు’ కాదు. ఇంట్లో ఉన్నవాళ్లకు ‘దీన్ని ఫలానా చోట ఇవ్వండి’ అని చెప్పాలి. బండివాడికి, గోదాములో పనిచేసే కుర్రాడికి ‘దీన్ని పగలగొట్టొద్దు, కాల్చొద్దు’ అని చెప్పాలి. ఈ రెండూ ఒక్క బొమ్మలో ఇమడవు. అందువల్ల రెండు గుర్తులు కావాలి.

మాయాపురి చెప్పిన పాఠం

పాత సామాన్ల పనిలో లోపలి అపాయం తెలియకపోతే ఏమవుతుందో 2010లో ఢిల్లీలో తేలిపోయింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో ఏళ్లతరబడి వాడకుండా పడివున్న గామా వికిరణ యంత్రాన్ని ఆ ఏడాది ఫిబ్రవరిలో వేలం వేశారు. అది మాయాపురి పాత ఇనుము బజారుకు చేరింది. లోపల కోబాల్ట్-60 ఉందని తెలియక పనివాళ్లు దాన్ని విప్పి ముక్కలు చేశారు. ఏప్రిల్లో వరసగా జనం ఆసుపత్రుల పాలయ్యారు. ఒక పనివాడు చనిపోయాడు.

అప్పటికి మూడేళ్ల ముందే, 2007 ఫిబ్రవరిలో, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌ఓ) కలిసి కొత్త వికిరణ హెచ్చరికను విడుదల చేశాయి. మూడు రేకుల పాత గుర్తు చూసి అపాయం అని తెలుసుకోగలిగినవాళ్లు తక్కువని గ్రహించి, ఎర్ర త్రికోణంలో కిరణాలు, పుర్రె, పారిపోతున్న మనిషి బొమ్మలు చేర్చారు. భారత్ సహా 11 దేశాల్లో 1,650 మందికి చూపించి పరీక్షించాక గానీ ఖాయం చేయలేదు. ఈ గుర్తు వేసే చోటు గమనించదగ్గది. యంత్రం పైతొడుగు మీద కాకుండా, లోపల వికిరణ పదార్థం ఉన్న భాగం మీద వేస్తారు. యంత్రం వాడేవాడికి అది కనిపించదు. విప్పేవాడికి మాత్రమే కనిపిస్తుంది. టీవీ, ఇన్వర్టరు, ల్యాప్‌టాప్ బ్యాటరీల విషయంలో మన తయారీదారులు నేర్చుకోవాల్సింది ఇదే. పైన ఉన్న గోరంత డబ్బా కంటే, వెనక మూత విప్పగానే పిక్చర్ ట్యూబు మెడ దగ్గర కనిపించే హెచ్చరిక ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది.

ఇతర గుర్తుల అనుభవం

రీసైక్లింగ్ అనగానే గుర్తొచ్చే మూడు బాణాల త్రికోణం 1970లో పుట్టింది. మొదటి ధరిత్రీ దినోత్సవం వేళ, అట్టపెట్టెలు తయారుచేసే కంటైనర్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా పోటీ పెట్టింది. 500కు పైగా వచ్చిన బొమ్మల్లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న 23 ఏళ్ల గ్యారీ ఆండర్సన్ గీసింది గెలిచింది. బహుమతి 2,500 డాలర్లు. ఒకే ముఖం ఉన్న మోబియస్ పట్టీ నుంచి ఆ ఆలోచన తీసుకున్నాడు. మన మెలికల ముగ్గులో గీత ఎక్కడ మొదలైందో అక్కడికే తిరిగొచ్చినట్టు ఆ పట్టీకీ కొస దొరకదు. గుర్తుపై ఎవరి హక్కూ లేకుండా వదిలేశారు కాబట్టి లోకమంతా పాకింది. అదే కారణంగా అదుపు కూడా తప్పింది. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ ఏ రకం ప్లాస్టిక్కో తెలిపే అంకెలను అలాంటి బాణాల త్రికోణంలోనే పెట్టింది. అంకె ఉన్న ప్రతి డబ్బా రీసైకిల్ అవుతుందని జనం నమ్మారు. 2013లో బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టాల్సి వచ్చింది. జర్మనీ ‘ఆకుపచ్చ చుక్క’ కథ కూడా ఇంచుమించు ఇదే. ప్యాకింగ్ సేకరణకు కంపెనీ రుసుము కట్టిందని దాని అర్థం. కొనేవాళ్లకు మాత్రం ఇది పర్యావరణానికి మంచిదని తోచింది.

చైనా దారి వేరు. 2007 మార్చి నుంచి అక్కడి ఎలక్ట్రానిక్ వస్తువుల మీద నారింజ రంగు వలయంలో ఒక అంకె కనిపిస్తుంది. లోపలి విష పదార్థాలు బయటికి రాకుండా ఆ వస్తువును ఎన్నేళ్లు వాడొచ్చో ఆ అంకె చెబుతుంది. అంకె ఏ భాషవాళ్లకైనా అందుతుందన్నది నిజమే గానీ, ఇది గడువు దాటితే పారేయాల్సిన తేదీలా కనిపించే ముప్పుంది. రిపేరు చేసి పదిహేనేళ్లు నడిపించే ఊళ్లో అది పొసగదు.

నాకు అన్నిటికంటే నచ్చిన కథ జీవ ప్రమాద గుర్తుది. 1966లో డౌ కెమికల్ కంపెనీలో చార్లెస్ బాల్డ్విన్ బృందం కావాలనే ఏ అర్థమూ లేని, అయినా మరిచిపోలేని ఆకారం కోసం వెతికింది. తాము గీసిన ఆకారాలను అందరికీ తెలిసిన కంపెనీల గుర్తులతో కలిపి జనానికి చూపించారు. వాటి అర్థం ఏమనుకుంటున్నారో అడిగారు. వారం తర్వాత అదే మనుషుల ముందు మరిన్ని బొమ్మలు కలిపి పెట్టి, ముందు చూసినవేవో పోల్చమన్నారు. అర్థం తక్కువగా తోచినా జ్ఞాపకంలో గట్టిగా నిలిచిన ఆకారాన్ని ఎంచుకున్నారు. ఏ వైపు తిప్పినా ఒకేలా కనిపించాలనీ, స్టెన్సిల్‌తో సులువుగా అచ్చు వేయగలగాలనీ ముందే నియమం పెట్టుకున్నారు. అర్థం తర్వాత నేర్పవచ్చని వాళ్ల ధీమా. ప్రయోగశాలల్లో అది సాధ్యమే. ఎవరూ పాఠం చెప్పని గల్లీలో అర్థం లేని ఆకారాన్ని నమ్ముకోలేం. స్టెన్సిల్ నియమాన్ని మాత్రం కళ్లకద్దుకోవాలి.

మన దేశంలో గుర్తులు

చదువు రానివాళ్లతో బొమ్మల ద్వారా మాట్లాడటంలో భారతదేశానికి ఉన్నంత అనుభవం తక్కువ దేశాలకు ఉంది. 1951–52 తొలి సాధారణ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దాని మీద గుర్తు అంటించారు. కాడెద్దులు, గుడిసె వంటి ఊళ్లో రోజూ కళ్లబడే వాటినే గుర్తులుగా ఇచ్చారు. కుటుంబ నియంత్రణ కోసం 1960లలో దీప్ త్యాగి తలకిందుల ఎర్ర త్రికోణాన్ని గోడల మీదికెక్కించాడు. అది ఎంత మొండిగా, ఎంత పెద్దగా, ఎన్ని గోడల మీద కనిపించిందంటే చదువుతో పని లేకుండానే జనానికి అర్థమైంది. ఆహార పొట్లాల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క అందరికీ తెలుసు. మాంసాహారపు గోధుమ రంగు చుక్కను ఇటీవల త్రికోణంగా మార్చారు. రంగులు పోల్చుకోలేనివాళ్లు రెండు చుక్కల తేడా పట్టలేకపోవడమే కారణం.

పర్యావరణం విషయంలోనూ మనకు సొంత గుర్తు ఒకటుంది. 1991లో కేంద్ర ప్రభుత్వం ‘ఎకోమార్క్’ పథకం పెట్టి మట్టికుండను చిహ్నంగా ఎంచుకుంది. మట్టిలో పుట్టి మట్టిలో కలిసే కుండ కంటే మంచి ఎంపిక దొరకదు. అయినా కంపెనీలు ముందుకు రాలేదు, దుకాణాల్లో అది కనిపించలేదు. పాత పథకం స్థానంలో 2024లో కొత్త ఎకోమార్క్ నియమాలు తెచ్చారు. దేశంలో చాలామంది తమ జీవితంలో ఆ కుండ బొమ్మను ఒక్కసారి కూడా చూడలేదు. బొమ్మ తప్పు కాదు అది. వెనక ఉండాల్సిన వ్యాపారం లేకపోవడం తప్పు.

గుర్తుల కోసం పోటీ పెట్టడం ఇటీవల మామూలైంది. 2010 జులైలో ఆమోదం పొందిన రూపాయి గుర్తును డి. ఉదయకుమార్ బహిరంగ పోటీలో గెలిచి ఇచ్చాడు. స్వచ్ఛ భారత్‌కు గాంధీ కళ్లజోడు చిహ్నం 2014లో కొల్హాపూర్‌కు చెందిన అనంత్ ఖస్బర్‌దార్ పంపిన బొమ్మ. ఈ-వ్యర్థాల గుర్తుకు కూడా హైదరాబాదులో పోటీ పెట్టదగ్గ వనరులున్నాయి. మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆర్ట్ విభాగం ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. కాకపోతే తీర్పరుల్లో కబాడీ బండివాడు, సెల్ రిపేరు కుర్రాడు, పాత సామాన్లు అమ్మే గృహిణి తప్పనిసరిగా ఉండాలి.

గౌలిపురకు ఎలాంటి గుర్తు

ముందుగా ఏది గీయకూడదో చూడాలి. అప్పగించడం అనగానే చిత్రకారుడి మనసులోకి చాచిన అరచేయి వస్తుంది. తెలంగాణలో చేయి కాంగ్రెస్ గుర్తు. అలాగే పతంగి మజ్లిస్‌ది, కమలం బీజేపీది, కారు బీఆర్ఎస్‌ది. పాతబస్తీ గోడల మీద ఇవి ఎప్పుడూ ఉంటాయి. వీటిలో దేన్ని పోలినా గుర్తు ఎన్నికల ప్రచారంలో కలిసిపోతుంది. రంగుల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఆకుపచ్చ, కాషాయం రెండూ ఇక్కడ ఏదో ఒక వర్గానివిగా చదువుతారు. పైగా ఆకుపచ్చ ఇప్పటికే తడి చెత్తది, నీలం పొడి చెత్తది. గుడి, మసీదు, పార్టీ, చెత్తబుట్ట ఏదీ తనదనుకోని రంగు కావాలి. పసుపు మీద నలుపు మేలనిపిస్తుంది గానీ బోనాల వేళ లాల్ దర్వాజా వీధులన్నీ పసుపుమయమవుతాయి. తెలుపు మీద ముదురు వంగపండు రంగు గీత పరీక్షించి చూడదగ్గది. రంగు ఏదైనా, నలుపు తెలుపు జిరాక్స్‌లో కూడా గుర్తు చెడకూడదు.

ఇంటు మార్కు గురించి కూడా ఆలోచించాలి. బడిలో అది తప్పుకు గుర్తు. రోడ్డు వెడల్పు కోసం కొలతలు తీసినప్పుడు గోడల మీద ఎర్ర రంగుతో గీసే గీతలు ఇల్లు పోతుందనే భయాన్ని మోసుకొస్తాయి. రమ్మని పిలవాల్సిన గుర్తులో దానికి చోటుండకూడదు. గోదాములో పెట్టే హెచ్చరికకు మాత్రం అది సరిగ్గా సరిపోతుంది. పగిలిన ట్యూబ్‌లైటు మీద, మంటల్లో తీగ చుట్ట మీద, సుత్తి దెబ్బ తింటున్న బ్యాటరీ మీద ఇంటు మార్కు పడితే ఎవరికీ వివరించనక్కర్లేదు.

ఇళ్లకు ఉద్దేశించిన గుర్తులో వస్తువుగా మూడు పిన్నుల ప్లగ్గు గీయవచ్చు. పైన లావు పిన్ను, కింద రెండు సన్న పిన్నులు, మూడూ గుండ్రటివి. ఈ ఆకారం మన ఇళ్లలో ప్రతి గోడ మీదా ఉన్న సాకెట్టుది. ఫోను గీస్తే ఫోన్లే అనుకుంటారు, టీవీ గీస్తే టీవీలే అనుకుంటారు. ప్లగ్గు చూస్తే కరెంటుతో నడిచే ప్రతిదీ అనుకుంటారు. క్రియగా తక్కెడ గీయాలి. దుకాణాల్లోకి అంకెల తూకం యంత్రాలు వచ్చి చాలాకాలమైనా, రెండు పళ్లాల తక్కెడ బొమ్మను గుర్తుపట్టనివాళ్లు ఉండరు. తక్కెడ పళ్లెంలోకి దిగుతున్న ప్లగ్గు చూస్తే ఇది తూకానికి ఇచ్చే సామాను, దీనికి విలువ ఉంది అని తెలుస్తుంది. రీసైక్లింగ్‌ను దానధర్మంగా కాకుండా న్యాయమైన బేరంగా చూపడం ఈ బస్తీ అలవాటుకు తగినది.

బొమ్మలో క్రమం పైనుంచి కిందికి ఉండాలి. తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదువుతారు. పాత ఫోను ఒక పక్క, సేకరణ కేంద్రం మరో పక్క గీసి మధ్యలో బాణం వేస్తే కొందరికి కథ తలకిందులవుతుంది. నిలువుగా గీస్తే ఆ తగువు లేదు. కింద రెండు లిపుల్లోనూ ఒక్కో ముక్క రాస్తే చాలు.

తయారీ కూడా రూపంలో భాగమే. రేకులో కోసిన స్టెన్సిల్ మీద ఒక్క రంగు స్ప్రే చేస్తే తోపుడుబండి పలక మీద, దుకాణం షట్టరు మీద, స్వచ్ఛ ఆటో వెనక తలుపు మీద పడాలి. స్టెన్సిల్లో చుట్టూ మూసుకున్న గీత ఉంటే లోపలి ముక్క ఊడిపోతుంది. అందుకే తక్కెడ పళ్లాలనూ, ప్లగ్గునూ సందులు వదిలి గీయాలి. సన్నటి గీతలు గరుకు గోడ మీద కారిపోతాయి కాబట్టి గీతలు లావుగా, తక్కువగా ఉండాలి.

గుర్తు వెనక ఉండాల్సినవి

2022 నవంబరులో ప్రకటించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త నియమాలు 106 రకాల పరికరాలకు వర్తిస్తాయి. అమ్మిన సరుకుకు తగ్గట్టు కంపెనీలు 2023–24, 2024–25లలో 60 శాతం, ఆ తర్వాత రెండేళ్లు 70 శాతం, 2027–28 నుంచి 80 శాతం రీసైకిల్ చేయించి ధ్రువపత్రాలు చూపాలి. ఈ నియమాల కింద నమోదు కావాల్సింది తయారీదారులు, తమ బ్రాండుతో అమ్మే ఉత్పత్తిదారులు, బాగుచేసి మళ్లీ అమ్మేవాళ్లు, రీసైక్లర్లు. ఇంటి నుంచి సామాను మోసుకొచ్చే బండివాడికి అందులో పేరు లేదు. దేశంలో ఏటా లక్షల టన్నులు సేకరించేది అతనే. గుర్తు అతని బండి మీద పడాలంటే ముందు అతనికి ఒక కార్డు, ఆ సామాను సరైన ధరకు కొనే రిజిస్టరైన రీసైక్లరు, బోర్డులూ బ్యాటరీలూ విప్పకుండా మొత్తంగా ఇచ్చినందుకు కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ధర ఉండాలి. విప్పి కాల్చితే వచ్చేదానికంటే విప్పకుండా ఇస్తే ఎక్కువ రావాలి. లేకపోతే ఏ హెచ్చరికా ఆపలేదు.

శాస్త్రం హైదరాబాదులోనే ఉంది. చర్లపల్లిలోని సీ-మెట్, అంటే కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ పరిధిలోని పదార్థ పరిశోధన సంస్థ, సర్క్యూట్ బోర్డుల నుంచి రాగి, బంగారం వంటి లోహాలను పద్ధతిగా రాబట్టే పరిజ్ఞానాన్ని అభివృద్ధి చేసింది. తెలంగాణ ప్రభుత్వ భాగస్వామ్యంతో అక్కడ ఈ-వ్యర్థాల ప్రత్యేక కేంద్రం కూడా ఏర్పడింది. గౌలిపుర నుంచి చర్లపల్లికి ఒక పూట ప్రయాణం కూడా లేదు. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని పూడ్చడమే అసలు పని.

జనాన్ని కదిలించిన ఉదాహరణ జపాన్‌ది. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం 2017 ఏప్రిల్ నుంచి 2019 మార్చి వరకు 78,985 టన్నుల చిన్న పరికరాలు, 62.1 లక్షల ఫోన్లు సేకరించారు. వాటి నుంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు ముడిసరుకు తీసి సుమారు 5,000 పతకాలు చేశారు. ఇచ్చిన ఫోను ఏమైందో జనం కళ్లారా చూశారు. ప్రపంచం మొత్తం మీద లెక్క మాత్రం ఇంకా కలవరపెట్టేదే. 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగైతే, పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే.

పరీక్ష

గుర్తు బాగుందా లేదా అన్నది గీసినవాళ్లు తేల్చేది కాదు. గుర్తులు అర్థమవుతున్నాయా అని చూసేందుకు ఐఎస్‌ఓ 9186 ప్రమాణంలో పద్ధతులున్నాయి. భద్రతా గుర్తులకు అమెరికా ప్రమాణం నూటికి 85 మంది సరిగా చెప్పాలంటుంది. వ్యతిరేక అర్థం తీసినవాళ్లు ఐదుగురికి మించకూడదంటుంది. గౌలిపురలో పరీక్షించాలంటే బొమ్మను కాగితం మీద కాకుండా బండి పలక మీద, పదడుగుల దూరంలో, సాయంత్రపు వెలుతురులో చూపాలి. మూడు భాషల ఇళ్లకూ, బడి పిల్లలకూ, గోదాము పనివాళ్లకూ వేరువేరుగా చూపాలి. ‘ఇదేమిటి’ అని అడగడం కంటే ‘ఈ బొమ్మ ఉన్న బండి మీ ఇంటి ముందుకొస్తే ఏం తెచ్చిస్తారమ్మా’ అని అడగడం మేలు. పాత ఫోను, చార్జరు, ట్యూబ్‌లైటు అంటే గుర్తు పనిచేసినట్టే. ఇస్త్రీ పెట్టె రిపేరుకు ఇస్తామన్నా పెద్ద నష్టం లేదు. హెచ్చరిక బొమ్మను చూసి ‘పగలగొడితే రాగి వస్తుందని చెబుతున్నారు’ అని ఒక్కరు అన్నా సరే, దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ గీయాలి.